ధర్మరాజిక విహారం: వినియోగం, ప్రతీక

సంత్రాగాఛిలో రైలు దిగి కలకత్తా నగరంలోకి వెళ్లే తెలుగు పరిశోధకునికి కాలేజీ స్క్వేర్ వద్ద తన నేలతో ముడిపడిన ఒక కట్టడం కనబడుతుంది. అది మహాబోధి సంఘం 1920లో ప్రారంభించిన ధర్మరాజిక చైత్య విహారం. అందులో భట్టిప్రోలు ధాతువును ప్రతిష్ఠించారు.

1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపాన్ని త్రవ్వించి ధాతు కరండాలను వెలికితీశాడు. తగిన విహారం నిర్మించాలన్న షరతుపై నాటి ప్రభుత్వం ధాతువును సంఘానికి ఇవ్వజూపింది. కనుక ఈ కట్టడానికి మూలకారణం ధాతువే.

విహార ముఖభాగం అజంతా చైత్యగృహాలను తలపిస్తుంది. గుర్రపు నాడా ఆకారపు ఆ తోరణం కొయ్య కట్టడాలలో వంచిన వాసాల అమరిక నుండి పుట్టింది. గుంటుపల్లిలో కొండను తొలిచిన శిల్పులు, కప్పుకు ఆధారం అక్కరలేకపోయినా, వాసాల రూపాన్ని రాతిలో చెక్కారు. అజంతాలో తోరణ గవాక్షం లోపలి స్తూపానికి వెలుగునిచ్చింది. ఆధునిక నగర వీధిలో అదే తోరణం ఇది బౌద్ధ విహారమని బాటసారికి తెలుపుతున్నది.

భట్టిప్రోలులో ధాతువు స్తూపగర్భంలో కంటికి కనబడక ఉండేది. లోపల ప్రవేశించే తావు లేదు. ప్రదక్షిణయే ఆ స్తూప వినియోగం. కలకత్తాలో మాత్రం భక్తులు కూర్చుని వందనం చేసే మందిరం అవసరమైంది. వినియోగం మారినా ప్రతీక నిలిచింది.

అందుచేత ఇటువంటి కట్టడాల పరిరక్షణలో గోడల కొలతలతో పాటు వందన క్రమాన్ని కూడా నమోదు చేయాలి. మొదటిది పరిశోధకులకు, రెండవది భిక్షువులకు తెలిసిన విద్య. ఆరాధన తొలగిననాడు తోరణం అలంకారమాత్రంగా మిగులుతుంది.