తిరగబెట్టిన జ్వరం

1911 జనాభా లెక్కల ప్రకారం నిజాం రాజ్యంలో కోటీ 33 లక్షల 74 వేల మంది ఉండేవారు. 1921లో మళ్లీ లెక్కపెడితే కోటీ 24 లక్షల 71 వేలే తేలారు. పదేళ్లలో పెరగాల్సింది పోయి తొమ్మిది లక్షలు తగ్గారన్నమాట. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల జనం కూడా ఆ లెక్కలోని వాళ్లే. నడుమ కరువు వచ్చింది, ప్లేగు వచ్చింది. వాటి మీద 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి పడింది. బొంబాయి రేవులో మొదలై, రైలు పట్టాల వెంట లోపలికి పాకి, వానాకాలం చివర మరింత ముదిరి రెండోసారి విరుచుకుపడింది. దేశం మొత్తం మీద కోటికి పైగా ప్రాణాలు పోయాయి.

వాళ్లను చంపింది ఫ్లూ వైరస్సేనా? 2008లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు మోరెన్స్, టాబెన్‌బర్గర్, ఫౌచీ ఈ ప్రశ్నను మళ్లీ ఎత్తుకున్నారు. ఆనాటి మహమ్మారిలో పోయిన 58 మంది ఊపిరితిత్తుల నుంచి తీసి భద్రపరిచిన ముక్కలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. ఎనిమిది వేలకు పైగా శవపరీక్షల పాత నివేదికలు తిరగేశారు. ఎక్కడ చూసినా ఒకటే కథ. వైరస్ ఊపిరితిత్తుల లోపొరను గాయపరిచింది, ఆ గాయంలో బ్యాక్టీరియా పెరిగి న్యుమోనియా అయింది, మనిషి పోయాడు. ఆ బ్యాక్టీరియా ఎక్కడి నుంచో ఊడిపడినవి కావు. న్యూమోకాకస్, స్ట్రెప్టోకాకస్, స్టెఫైలోకాకస్ లాంటివి. ఆరోగ్యంగా తిరిగే మనుషుల ముక్కుల్లో, గొంతుల్లో కాపురం ఉండేవి.

ఆ కాలపు వైద్యులకు ఇదంతా తలకిందులుగా కనిపించింది. 1892లో జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫైఫర్ ఫ్లూ రోగుల కఫంలో ఒక బ్యాక్టీరియాను చూసి, రోగానికి కారణం ఇదేనని ప్రకటించాడు. దానికి ఇన్‌ఫ్లుయెంజా పేరే పెట్టారు. 1918లో చాలామంది దాని మీదే టీకాలు తయారు చేశారు. అసలు దొంగ అయిన వైరస్ 1933లో గానీ లండన్‌లో దొరకలేదు. ఫైఫర్ చూసింది వెనకాల వచ్చినదాన్ని. అయితే అది కూడా అమాయకురాలేమీ కాదు. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా అనే ఆ బ్యాక్టీరియాలో ‘బి’ రకం పసిపిల్లలకు న్యుమోనియా, మెదడు పొరల వాపు తెస్తుంది. ఇవాళ మన అంగన్‌వాడీల దగ్గర ఏఎన్‌ఎం వేసే పెంటావాలెంట్ టీకాలో దానికి విరుగుడు కూడా ఉంటుంది.

ఇంతకాలం ముక్కులో ఊరకే పడి ఉన్న బ్యాక్టీరియా సర్ది పట్టగానే ఎందుకు లేస్తుంది? శ్వాసనాళాల లోపలి గోడకు సన్నని నూగు లాంటి శైలికలు ఉంటాయి. వాటి మీద జిగురు పరుచుకొని ఉంటుంది. పీల్చిన దుమ్మూ సూక్ష్మజీవులూ జిగురుకు అంటుకుంటే, శైలికలు ఆగకుండా ఊగుతూ దాన్ని పైకి, గొంతు వైపు తోసేస్తాయి. మనకు తెలియకుండానే మింగేస్తాం. ఫ్లూ వైరస్ ఈ శైలికలున్న కణాలలోకే దూరి వాటిని చంపుతుంది. గోడ బోడిదవుతుంది. కంచె విరిగిన చేనులో పశువులు పడ్డట్టు, అంతవరకూ గట్టు మీదే ఉన్న బ్యాక్టీరియా లోపలికి దిగుతుంది.

అది సగం కథే. ఫ్లూ వైరస్ దగ్గర న్యూరమినిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. కణం పైన ఉండే సియాలిక్ ఆమ్లం అనే చక్కెర పదార్థాన్ని అది కోసేస్తుంది. వైరస్ తన పిల్లలను బయటికి పంపడానికి చేసే పని ఇది. కానీ ఆ పొర పోయినచోట న్యూమోకాకస్ అతుక్కోవడానికి కొత్త తావులు బయటపడతాయి. పైగా కోసి పారేసిన ఆ చక్కెర న్యూమోకాకస్‌కు తిండి కూడా.

2013లో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో ముచ్చట పట్టుకున్నారు. ముక్కులో న్యూమోకాకస్ గుంపుగా, ఒక పొరలాగా అతుక్కొని మందకొడిగా బతుకుతుంది. ఫ్లూ సోకి ఒళ్లు కాలడం మొదలైతే, దెబ్బతిన్న కణాల నుంచి కొన్ని రసాయనాలు కారితే, వాటిని పసిగట్టి పొర వదిలి విడివిడిగా చెదురుతుంది. అలా చెదిరినవి మునుపటికన్నా ప్రమాదకరంగా మారాయి. ఇల్లు కాలుతోందని వాసన పట్టి బయలుదేరుతుందన్నమాట! బ్యాక్టీరియాకు ఇంత జాణతనం ఉంటుందని నేనైతే అనుకోలేదు.

మన కాపలా కణాల సంగతీ చూడాలి. ఊపిరితిత్తుల గాలి గదుల్లో మాక్రోఫేజ్‌లు తిరుగుతూ దొరికిన బ్యాక్టీరియాను మింగేస్తుంటాయి. వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్లు ఈ మింగే పనిని మందగింపజేస్తాయి. ఎలుకలకు ఫ్లూ సోకిన వారం ప్రాంతంలో న్యూమోకాకస్ ఎక్కిస్తే అన్నిటికన్నా ఎక్కువగా చచ్చాయి. వైరస్ తగ్గుముఖం పట్టే వేళకే బ్యాక్టీరియాకు దారి బాగా తెరుచుకుంటుంది.

ఇంటి దగ్గర కనిపెట్టాల్సిన గుర్తు ఇక్కడే ఉంది. మామూలు ఫ్లూ మూడు నాలుగు రోజులు ఒళ్లు కాల్చి దిగిపోతుంది, నీరసం, దగ్గు ఇంకొన్నాళ్లు ఉంటాయి. జరం దిగి, లేచి తిరిగి, అన్నం తిని, అయిదో రోజునో పదో రోజునో మళ్లీ చలితో జరం వస్తే, దాంతో పాటు దమ్ము, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు ఉంటే అది పాత సర్ది కాదు. దవాఖానకు పోవాల్సిందే. అలాగని దాన్నే ఎదురుచూస్తూ కూర్చోవద్దు. ఫ్లూ వైరస్ తానొక్కటే కూడా ఊపిరితిత్తులను పాడు చేయగలదు. 2009 మేలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లోనే తేలింది. ఆ ఏడు అమెరికాలో చనిపోయిన 77 మంది ఊపిరితిత్తులను పరీక్షిస్తే 22 మందిలో బ్యాక్టీరియా దొరికింది. 1918తో పోలిస్తే ఇది చాలా తక్కువ. నడుమ యాంటీబయాటిక్స్ వచ్చాయి మరి. వాటిలో ఒకటైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. లెడర్లే మందుల సంస్థలో బెంజమిన్ డగ్గర్ దాన్ని కనుక్కున్నప్పుడు అక్కడి పరిశోధన మొత్తం మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు చేతిలో ఉండేది.

ఆ మందులను మనం వాడే తీరు చూస్తే ఆయన నొచ్చుకునేవాడేమో. ముక్కు కారగానే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకొని, నాలుగు గోలీలు తెచ్చుకోవడం మన దిక్కు మామూలే. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ముందుగా మింగితే తర్వాత రాబోయే న్యుమోనియా ఆగుతుందన్న నమ్మకమూ వట్టిదే. మందుకు లొంగని బ్యాక్టీరియా మిగిలి, రేపు నిజంగా అవసరపడ్డప్పుడు అదే మందు పారదు. గళ్ల పచ్చగా పడుతోందని గాభరా పడేవాళ్లున్నారు. ఆ పచ్చదనం మన తెల్లకణాల్లోని ఒక ఎంజైమ్ రంగు. వట్టి పడిశంలోనూ వస్తుంది.

ఇంకా భయపడాల్సింది ఆ సూదిలో కలిసే స్టెరాయిడ్ గురించి. ఒళ్లునొప్పులు పూటలో మాయమవుతాయి, అందుకే ఆ డాక్టరు చెయ్యి మంచిదంటారు. కానీ అది కాపలా కణాలను ఇంకా మత్తులో పడేస్తుంది, షుగర్ పెంచుతుంది. 2021 మేలో కోఠి ఈఎన్‌టీ దవాఖాన ముందు బ్లాక్ ఫంగస్ రోగులు బారులు తీరింది కొంతవరకు ఈ కారణంగానే. వాళ్లలో ఎక్కువమంది కొవిడ్ తగ్గుతున్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడినవాళ్లు. ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరు రాస్తే వాడుకునే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ సంగతి వేరు. సర్ది పట్టినప్పుడు దాన్ని మానితేనే ముప్పు, ఎందుకంటే ఆయాసాన్ని రేపేది ఎక్కువసార్లు ఆ పడిశం వైరస్సే.

బ్యాక్టీరియా ప్రతిసారీ ఊపిరితిత్తుల్లోకే దిగాలని లేదు. పెద్దవాళ్లలో నూరు పడిశాల్లో ఒకటి రెండు మాత్రమే బ్యాక్టీరియా సైనసైటిస్‌గా మారతాయి. పిల్లల్లో చెవి ముందు చిక్కుతుంది. ముక్కు వెనక నుంచి చెవికి పోయే నాళం వాళ్లకు పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. వాపుతో అది మూసుకుంటే లోపల నీరు నిలిచి చీము పడుతుంది. రాత్రిపూట చెవి పట్టుకొని ఏడ్చే పిల్ల సంగతి చాలాసార్లు ఇదే. స్నానం చేయించేటప్పుడు ముక్కులో నూనె చుక్కలు వేసి ఊదే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా పోలేదు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే అదే ఒక రకం న్యుమోనియా. సాంబ్రాణి పొగ కూడా సర్దితో ఉన్న పసిదానికి వద్దు.

పిల్ల నెమ్మదిగా ఉన్నప్పుడు రొమ్ము లేచిపడటం నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. రెండు నెలల లోపు పిల్లకు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 గానీ అంతకు మించి గానీ ఉంటే న్యుమోనియాగా అనుమానించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, పెదాలు నీలంగా మారినా లెక్కల్లేవు, బండి కట్టించాల్సిందే. న్యూమోకాకస్ టీకా 2021 నుంచి దేశమంతటా ఉచిత టీకాల్లో చేరింది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు వేస్తారు. హైదరాబాద్‌లోని బయొలాజికల్ ఇ సంస్థ ఈ టీకానూ పెంటావాలెంట్‌నూ రెండింటినీ తయారు చేస్తుంది. ఫ్లూ టీకా మాత్రం ఇంకా కొనుక్కోవలసిందే. అరవై దాటినవాళ్లు, షుగర్, గుండెజబ్బు, దమ్ము ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగి ఏటా వేయించుకోవడం మంచిది.

మన జిల్లాలకు ఇంకో చిక్కు ఉంది. షాద్‌నగర్ దగ్గర పలుగురాయి పొడి చేసినవాళ్లు, క్రషర్ల దగ్గర కంకర కొట్టేవాళ్లు ఏళ్ల తరబడి రాతి దుమ్ము పీల్చినవాళ్లు. ఆ సిలికా దుమ్ము గాలి గదుల్లోని మాక్రోఫేజ్‌లను చంపేస్తుంది. అలాంటి ఛాతీలోకి ప్రతి సర్దీ దిగుతుంది, టీబీ కూడా సులువుగా అంటుకుంటుంది. దగ్గు రెండు వారాలు దాటితే దుమ్ము దగ్గే అని సరిపెట్టుకోకుండా గళ్ల పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ దవాఖానల్లో ఆ పరీక్షకు పైసా తీసుకోరు. టీబీ అని తేలితే మందులూ అక్కడే ఇస్తారు. మొదటి రోజే డాక్టరుకు ఏ పని చేశారో, ఎన్నేళ్లు చేశారో చెబితే ఎక్స్‌రేలో కనిపించే మచ్చలను చూసే తీరు మారుతుంది.