బేస్ ఒకచోట దద్దరిల్లి, పక్కనే ఎందుకు తగ్గిపోతుంది?

వినాయక చవితి పాటకచేరీల్లో పెద్ద బేస్ బాక్సులను స్టేజీకి అటొకటి, ఇటొకటి పెట్టడం మామూలే. చూపుకు బాగుంటుంది కానీ, వినేవాళ్లకు అది అన్యాయం. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి, 50 హెర్ట్జ్ బేస్ అల పొడవు దాదాపు 7 మీటర్లు. మైదానం మధ్యలో నిలబడితే రెండు బాక్సులూ సమాన దూరం. అలలు ఒకేసారి చేరి బలపడతాయి, ఛాతీ అదురుతుంది. పక్కకు జరిగేకొద్దీ ఒక బాక్సు దగ్గరై, రెండోది దూరమవుతుంది. ఆ తేడా 3.5 మీటర్లైన చోట ఒక అల గాలిని నొక్కుతుంటే రెండోది సడలిస్తుంది. అక్కడ ఆ మోత సన్నబడిపోతుంది.

వాల్యూమ్ పెంచితే సరిపోదా? సరిపోదు. రెండు అలలూ సమానంగా పెరిగి, మళ్లీ అలాగే కొట్టేసుకుంటాయి. బాక్సులన్నీ స్టేజీ ముందు మధ్యలో ఒకేచోట చేరిస్తే దూరాల తేడా దాదాపు ఉండదు, బేస్ అన్ని వైపులకూ ఒకేలా వెళ్తుంది. అప్పుడు ముందు మధ్యలో కూర్చున్నవాళ్లకు మోత ఎక్కువవుతుందన్న అభ్యంతరం నిజమే. అలాంటప్పుడు వాటిని స్టేజీ అంచు వెంట, అల పొడవులో సగం కన్నా తక్కువ ఎడంతో వరుసగా పేరుస్తారు. వరుస మరీ పొడవైతే మోతంతా నేరుగా ముందుకే పోతుంది. అందుకే అది పక్కలకూ పరుచుకునేలా రెండు చివర్లలోని బాక్సులకు కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం ఇస్తారు. ఈసారి మీ ఊళ్లో సౌండ్ చెక్ జరిగేటప్పుడు స్టేజీ ముందు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వినండి.