ప్రకటన గోడ మీదే ఉండిపోయింది

గత సంవత్సరం ఒక జుమేరాత్ సాయంత్రం అస్ర్ నమాజు ముగించుకొని మేము గదికి రాగా, ఒక తండ్రి మా కోసం వేచి ఉన్నారు. గుంటూరు జిల్లాలో పరుపులు కుట్టి జీవనం సాగించే నూర్‌బాషా కుటుంబం వారిది. వారి కుమారుడు మా మద్రసాలో చదువుతూనే ఓపెన్ స్కూల్ ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయవలసి ఉంది. ఫీజు చెల్లించవలసిన గడువు దాటిపోయింది. అపరాధ రుసుముతో చెల్లించే గడువూ ముగిసింది. "మౌలానా గారూ, డబ్బు నెల ముందే పంపాను. పిల్లవాడు తనకు తెలియనే తెలియదంటున్నాడు. ఏడాది పోయినట్లేనా?" అని అడిగారు. మేము తల వంచుకొని కూర్చున్నాము.

ఇటువంటి సమాచారాన్ని విద్యార్థులకు చేరవేసే పని మా వద్ద అంజుమన్‌ది. అంజుమన్ అంటే విద్యార్థుల సంఘమే. నాజిమ్‌ను వారే ఎన్నుకుంటారు. ప్రతి జుమేరాత్ రాత్రి ప్రసంగాల సభ జరుపుతారు, గోడపత్రిక వ్రాస్తారు, సభ్యుల నుండి నెలకు పది రూపాయల చందా వసూలు చేస్తారు. మేము నాజిమ్‌ను పిలిపించాము. అతడు ఏమాత్రం తడబడలేదు. "హజ్రత్, బోర్డు మీద పెట్టాము, ఇషా తర్వాత ఏలాన్ చేశాము, గ్రూపులో కూడా వేశాము. ఇంకేం చేయాలి?" అన్నాడు. అతడు చెప్పినదంతా నిజమే. బోర్డు మీద ఆ కాగితం ఇంకా ఉంది, ముచ్చటైన నస్తాలీఖ్ దస్తూరీతో.

తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి మాకు రెండు రోజులు పట్టింది. ఆ బాలుడు ఎనిమిదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాడు. ఇంట్లో మాట్లాడేదీ తెలుగే. ఖుర్ఆన్ చక్కగా పారాయణం చేస్తాడు కానీ, గొలుసుకట్టు ఉర్దూ చేతివ్రాత అతనికి ఇంకా కొరుకుడు పడలేదు. ఇషా తర్వాత ఏలాన్ జరిగిన వారంలో అతనికి వంటశాల వంతు వచ్చింది. ఆ సమయానికి దస్తర్‌ఖాన్లు పరుస్తున్నాడు. ఇక గ్రూపు సంగతి. మా హాస్టల్ పిల్లల ఫోన్లు శుక్రవారం వరకు కార్యాలయపు బీరువాలోనే ఉంటాయి! పైగా ఆ గ్రూపులో నిర్వాహకులు తప్ప మరెవ్వరూ ఒక్క అక్షరం వ్రాయలేరు. చెప్పేవారు మూడు మార్గాల్లో చెప్పారు, ఒక్కటీ అతని చెవికి చేరలేదు.

అంతకంటే మమ్మల్ని బాధించినది మరొకటి. ఒకనాడు ఒక పెద్ద విద్యార్థిని అతడు అడిగాడట, "బోర్డు చూసుకో" అని జవాబు వచ్చిందట. ఉర్దూ చదవలేనని చెప్పుకోవడానికి సిగ్గుపడి ఊరుకున్నాడు. రెండేళ్ళుగా చందా కడుతున్న సభ్యుడు అంజుమన్ సభలో ఒక్కసారైనా నోరు విప్పలేదంటే, ఆ లోపాన్ని బాలుని మీదకే నెట్టడం న్యాయమేనా? అంజుమన్‌కు అప్పగించి చేతులు దులుపుకొన్న ఉపాధ్యాయులం, మేమూ ఇందులో భాగస్వాములమే.

పెద్ద విద్యాసంస్థల్లో ఈ విషయం మీద చాలా కాలంగా ఆలోచన జరుగుతూనే ఉంది. అలీగఢ్ కళాశాలలో 1884లోనే సిడన్స్ యూనియన్ క్లబ్ ఏర్పడింది. నేటి అక్కడి విద్యార్థి సంఘానికి అదే మూలం. వాదనలో ఎదుటివాని మాట పూర్తిగా విని జవాబు చెప్పడమే ఆ క్లబ్ నేర్పిన విద్య. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ విద్యార్థుల రాజకీయాలతో మాకు ఏకీభావం ఉందా లేదా అన్నది వేరే మాట. కానీ అక్కడి పద్ధతి ఒకటి గమనింపదగినది. హాస్టల్ మెస్‌లో రాత్రి భోజన వేళ కరపత్రాలు పంచుతారు. అందరూ తప్పక వచ్చే చోటికి, వచ్చే వేళకు మాటే వెళుతుంది. సర్వసభ్య సమావేశంలో సభ్యుడు లేచి సంఘాన్ని నిలదీయవచ్చు. సుప్రీంకోర్టు 2006లో ఆమోదించిన లింగ్డో కమిటీ సిఫారసులు ముద్రించిన పోస్టర్లను నిషేధించి, చేతితో వ్రాసినవాటినే అనుమతించాయి. అభ్యర్థి ఎన్నికల ఖర్చుకు 5,000 రూపాయల హద్దు విధించాయి. ఫలితాలు వెలువడిన రెండు వారాల్లో లెక్కలు అప్పగించమన్నాయి. డబ్బు పోసి గొంతు పెంచుకొనే దారి మూస్తే, మనిషి దగ్గరకు నడిచి వెళ్ళి మాట్లాడక తప్పదు.

మద్రసా విద్యార్థులకు ఇవేవీ కొత్త కాకూడదు. దైవప్రవక్త (స) వినేవారికి అర్థమయ్యేలా మాటను మూడుసార్లు చెప్పేవారని హదీసు పాఠంలో మేమే బోధిస్తాము. మూడు చోట్ల ఒక్కొక్కసారి చెప్పడం వేరు, వినే మనిషికి అర్థమయ్యేవరకు చెప్పడం వేరు. హిజ్రీ 3వ సంవత్సరంలో ఉహుద్‌కు ముందు జరిగిన సంప్రదింపు కూడా మా పాఠాల్లో ఉన్నదే. నగరంలోనే ఉండి ఎదుర్కోవాలన్నది ఆయన (స) అభిప్రాయం. బయటికి వెళ్ళాలని పట్టుబట్టినవారిలో బద్ర్‌లో పాల్గొనలేకపోయిన యువకులు ఎక్కువ. ఆయన వారి మాట మన్నించారు. యువకుల మాటకు అంత విలువ దక్కిన చరిత్రను చదివించే చోట, ఒక బాలుడు అడగడానికి సిగ్గుపడ్డాడు.

ఆ తర్వాత అంజుమన్ కార్యవర్గాన్ని కూర్చోబెట్టి మాట్లాడాము. రెండు గంటల వాదన జరిగింది. ప్రకటనలు తెలుగులో కూడా వ్రాస్తే ఉర్దూ అభ్యాసం దెబ్బతింటుందని కొందరన్నారు. ఆ భయం పూర్తిగా తీసిపారేయదగినది కాదు. అయినా గడువులు, ఫీజులు, సెలవులు, వైద్యం, ఈ నాలుగింటికి సంబంధించినవి రెండు భాషల్లోనూ ఉండాలని తేలింది. గదికి ఒక బాధ్యుడు. అతడు గదిలోని ప్రతివానికీ చెప్పి, విన్నవాని చేత తిరిగి చెప్పించుకొని, పేరు పక్కన గుర్తు పెట్టాలి. వంటశాల వంతులో ఉన్నవారికి వంటశాలలోనే చెప్పాలి. జుమేరాత్ సభలో చివరి పావుగంట ప్రసంగాలు ఉండవు, ప్రశ్నలే. నోటితో అడగలేనివారికి వజూఖానా పక్కన ఒక చీటీల పెట్టె.

మొదటి నెల పెట్టె ఖాళీ. రెండవ నెలలో దాల్‌లో ఉప్పు గురించి నాలుగు చీటీలు. గత నెల పేరు లేని చీటీ ఒకటి, తెలుగులో: "మైకు మరమ్మతుకు 350 రూపాయలు ఎందుకయ్యాయి? రసీదు ఏది?" నాజిమ్ ముఖం చిన్నబోయింది. ఎవరు వ్రాశారో కనుక్కోమని ఒకరు సలహా ఇవ్వగా మేము వారించాము. రసీదు వెతకడానికి మూడు రోజులు పట్టింది. జుమేరాత్ సభలో నాజిమ్ ఆ చీటీని బిగ్గరగా చదివి, రసీదు చూపి, మొదట ఉర్దూలోనూ, తర్వాత తడబడుతూ తెలుగులోనూ లెక్క చెప్పాడు. అతని తెలుగుకు వెనుక వరుసల్లో నవ్వులు వినిపించాయి. ఆ వరుసలోనే గుంటూరు బాలుడూ కూర్చున్నాడు. ఈ ఏటి పరీక్ష ఫీజును అతడు గడువుకు పన్నెండు రోజుల ముందే చెల్లించాడు.