అహమ్మదునగరు కోటలో పిచ్చుకలు

1942 ఆగస్టు 9వ తేదీ తెల్లవారకముందే బొంబాయిలో నాయకులు బస చేసిన ఇళ్ళ తలుపులను పోలీసులు తట్టారు. గోవాలియా టాంకు మైదానంలో 'క్విట్ ఇండియా' తీర్మానం నెగ్గి కొద్ది గంటలే అయింది. నిద్ర చాలని కన్నులతో కాంగ్రెసు పెద్దలందరూ ప్రత్యేక రైలులో కూర్చున్నారు. గాంధీజీని దారిలో దింపి పూనాలోని ఆగాఖాన్ భవనానికి తీసుకుపోయారు. తక్కినవారితో రైలు అహమ్మదునగరు దాకా సాగింది.

నిజాంషాహీ సుల్తానులు కట్టించిన ఆ రాతికోటను ఒకనాడు చాంద్‌బీబీ మొగలాయి సైన్యం నుండి కాపాడింది. (2024లో ఆ నగరానికి అహిల్యానగర్ అని పేరు మార్చారు.) ఆనాటి వారితోపాటు తరువాత చేర్చబడినవారిని కూడా కలుపుకొంటే కోటలోని బందీలు పన్నెండుగురు: మౌలానా అబుల్ కలాం ఆజాద్, జవాహర్‌లాల్ నెహ్రూ, వల్లభభాయి పటేల్, గోవింద వల్లభ పంత్, ఆచార్య నరేంద్ర దేవ్, ఆచార్య కృపలానీ, అసఫ్ అలీ, సయ్యద్ మహమూద్, శంకరరావు దేవ్, ప్రఫుల్ల చంద్ర ఘోష్, హరేకృష్ణ మహతాబ్, మన భోగరాజు పట్టాభి సీతారామయ్య.

వీరికి జైలు కొత్త కాదు. నెహ్రూకు ఇది తొమ్మిదవ కారాగారవాసం. అయితే ఈసారి శిక్ష లేదు, విచారణ లేదు, గడువు లేదు. తొలి వారాలలో వార్తాపత్రిక గాని, ఇంటి నుండి ఉత్తరం గాని లోనికి రాలేదు. తమ పిలుపు విన్న దేశం ఏమైపోతున్నదో తెలియదు. తెలిసినా చేయగలిగినదేమీ లేదు. కొంతకాలానికి పత్రికలు వచ్చాయి. వాటి వెంట బెంగాల్ క్షామ వార్తలు కూడా వచ్చాయి. లక్షలాది జనం ఆకలితో మలమల మాడి చనిపోతూ ఉంటే, దేశానికి మార్గం చూపవలసినవారు నాలుగు గోడల నడుమ పచార్లు చేస్తున్నారు. మనిషిని నలిపివేసేది కష్టం ఒక్కటే కాదు. కష్టం ఎదుట చేతులు కట్టుకొని కూర్చోవలసిరావడం అంతకన్న ఎక్కువగా నలిపివేస్తుంది.

ఈ నలుగుబాటుకు శాస్త్రం పెట్టిన పేరు అప్పటికింకా ప్రయోగశాలలు దాటి రాలేదు. మాంట్రియల్‌లో పనిచేస్తూ ఉండిన హాన్స్ సెల్యే అనే వైద్యశాస్త్రజ్ఞుడు 1936లో 'నేచర్' పత్రికలో చిన్న లేఖ ప్రకటించాడు. చలి కావచ్చు, గాయం కావచ్చు, విషం కావచ్చు, హాని ఏదైనా శరీరం దాదాపు ఒకే తీరున స్పందిస్తుందని దాని సారాంశం. నేడు ప్రతివారి నోటా వినిపించే 'ఒత్తిడి' అన్న మాటకు మూలం అక్కడ ఉన్నది. కోటలోని పన్నెండుగురికి ఆ సిద్ధాంతంతో పనిలేదు. వారికి కావలసినది, రేపు ప్రొద్దున లేచి ఏమి చేయాలన్న ప్రశ్నకు సమాధానం.

నెహ్రూ పార చేతబట్టాడు. బారకుల నడుమనున్న ఆవరణలో పూలమళ్ళు తీయాలని సంకల్పించి, మండుటెండను కూడా లెక్కచేయక రోజూ గంటల తరబడి త్రవ్వేవాడు. ఆ నేల సారంలేనిది; ఎటు త్రవ్వినా రాళ్ళు, పాత కట్టడాల శిథిలాలు. ఒక్కొక్కచోట ప్రాచీన గోడల ఆనవాళ్ళు, గుమ్మటాల కొనలు బయటపడ్డాయి. ఒకసారి రాతిలో చెక్కిన అందమైన పద్మం కనిపించింది. ఇంకా లోతుకు పోవడానికి అధికారులు ఒప్పుకోలేదు. ఖైదీలు కోటగోడల దిక్కుగా లోతైన గుంటలు తీస్తూ ఉంటే ఏ జైలు అధికారి సహిస్తాడు గనుక!

పూలు మాత్రం పూచాయి. పగలు పూలమళ్ళు, రాత్రి ఆకాశం. కోటలో అడుగుపెట్టిన నాటి సాయంకాలం పడమటి దిక్కున సన్నని నెలవంక తమకు స్వాగతం పలికిందని నెహ్రూ 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' మొదటి పుటలోనే వ్రాసుకొన్నాడు. జైలులో ఆయనకు పంచాంగమూ చంద్రుడే, నేస్తమూ చంద్రుడే. 1944 ఏప్రిల్‌లో ఆ గ్రంథాన్ని ఆరంభించినప్పుడు, పార దించి కలం ఎత్తడాన్ని కూడా ఆయన ఒక రకం త్రవ్వకంగానే భావించాడు. అయిదు నెలలలో దాదాపు వేయి పుటల వ్రాతప్రతి సిద్ధమయింది.

ఆ పుస్తకం ఒంటరిగా పుట్టినది కాదు. తన పదకొండుగురు సహచరులు భారతదేశానికి ఒక చిన్న నమూనా అని నెహ్రూ పీఠికలో చెప్పాడు. సంస్కృతం, పాలీ, అరబ్బీ, పారసీకాలు తెలిసినవారు అక్కడున్నారు. హిందీ, ఉర్దూ, బెంగాలీ, గుజరాతీ, మరాఠీ, తెలుగు, సింధీ, ఒడియా భాషలు ఆ ఆవరణలోనే వినిపించేవి. సందేహం వస్తే పక్కగదికి పోతే చాలు. ఉబ్బసంతో బాధపడే నరేంద్ర దేవ్ అక్కడనే వసుబంధుని 'అభిధర్మకోశం'ను ఫ్రెంచి నుండి హిందీలోనికి అనువదించే పని పెట్టుకొన్నాడు. మచిలీపట్నంలో వైద్యం చేసి, 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన పట్టాభి దినచర్యను వివరంగా వ్రాసుకొంటూ వచ్చాడు. అదే తరువాత 'ఫెదర్స్ అండ్ స్టోన్స్' అన్న పేరుతో అచ్చయింది.

ఈ సహవాసాన్ని మరీ తీయగా ఊహించుకోరాదు. ఉద్యమం పిలుపు ఇచ్చిన వేళ మంచిదా కాదా అన్న విషయంలో వారిలో వారికే అభిప్రాయ భేదాలున్నాయి. ఏళ్ళ తరబడి అవే ముఖాలు, అవే వాదాలు. 1944లో సయ్యద్ మహమూద్ వైస్రాయికి లేఖ వ్రాసి విడుదలై వెళ్ళిపోవడం తోటివారి మనసులను నొప్పించింది. అయినా నెహ్రూ తన గ్రంథాన్ని అహమ్మదునగరు కోటలోని సహబందీలకే అంకితమిచ్చాడు.

ఆజాద్ వెతికిన స్నేహం వేరు. ఆయన ప్రకృతి ఏకాంతాన్ని కోరేది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య లేచి, మల్లెపరిమళం గల చీనా తేనీటిని స్వహస్తాలతో కాచుకొనేవాడు. పాలు కలిపితే అది తేనీరే కాదన్నది ఆయన పట్టుదల. ఆ నిశ్శబ్దంలో, ఆవిరి చిమ్మే గిన్నె పక్కన కూర్చుని, అలీగఢ్ ప్రాంతంలోని తన మిత్రుడు, పండితుడు హబీబుర్ రహమాన్ ఖాన్ షేర్వానీకి ఉర్దూలో ఉత్తరాలు వ్రాసేవాడు. వాటిని టపాలో వేసే దారి లేదు. వ్రాసి దాచుకోవడమే. ఆ మిత్రుడు చదువుతాడో లేదో తెలియదు. అయినా ప్రతి ఉత్తరమూ ఎదుట కూర్చున్నవానితో మాటాడుతున్నట్లే నడుస్తుంది. తేనీరు, తోట, దైవచింత, చరిత్ర, సంగీతం, అన్నీ ఆ సంభాషణలోనివే.

వీటిలో పాఠకులు అందరికన్న ఎక్కువ ప్రేమించినవి పిచ్చుకలను గూర్చిన ఉత్తరాలు. 1943 మార్చిలో వ్రాసినవి. ఆయన గది పాతకాలపుది. పైకప్పు దూలాల సందులలో పిచ్చుకలు గూళ్ళు కట్టాయి. ఎప్పుడు చూచినా బల్ల మీద, కాగితాల మీద గడ్డిపరకలు, మట్టి, రెట్టలు. కాంగ్రెసు అధ్యక్షుడు యుద్ధం ప్రకటించాడు. కర్ర పుచ్చుకొని తరిమాడు. పోయినట్లే పోయి అవి మరల వచ్చాయి. ఈ యుద్ధాన్ని ఆయన మహాసంగ్రామ వర్ణనలాగా, తన ఓటమిని తానే వెక్కిరించుకొంటూ చెబుతాడు. చివరకు సంధి కుదిరింది. తివాచీ మీద బియ్యపు గింజలు చల్లి, చూడనట్లు నటిస్తూ కూర్చున్నాడు. మొదట ఒకటి దూరం నుండే మెడ సాచి చూచింది. రోజురోజుకు గింజలు దగ్గరగా జరిగాయి, వాటితోపాటు పిచ్చుకలూ జరిగాయి. తుదకు చేతిమీదనే వచ్చి వాలసాగాయి. ఒక ధీరకు 'కలందర్' అనీ, ఒక సుందరికి 'మోతీ' అనీ నామకరణం జరిగింది.

ఆయనకు రోజుల తరబడి కావలసి వచ్చినది ఓర్పు ఒక్కటే. గింజలు పెట్టి కదలక కూర్చున్నవాని మనసు ఆ కొద్దిసేపైనా పత్రికల చుట్టూ, ప్రభుత్వం చుట్టూ తిరుగదు. తోటపనిలోని గుణం కూడా ఇదేనేమో.

ఇటువంటి అనుభవాలను కొలిచి చూడాలన్న ప్రయత్నాలు తరువాత జరిగాయి. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయానికి శస్త్రచికిత్స చేయించుకొన్నవారి రికార్డులను రోజర్ ఉల్రిక్ పరిశీలించాడు. కిటికీలోనుండి చెట్లు కనిపించే పడకలపై ఉన్న 23 మందిని, ఇటుకగోడ మాత్రమే కనిపించే మరో 23 మందితో పోల్చాడు. చెట్లు చూచినవారు సగటున ముక్కాలు రోజు ముందుగా ఇంటికి వెళ్ళారు. వారికి తీవ్రమైన నొప్పి మందులూ తక్కువే అవసరమయ్యాయి. 1984లో వెలువడిన ఈ పరిశీలన చిన్నదే గాని, ఆసుపత్రులు కట్టేవారిని ఆలోచింపజేసింది. స్నేహబంధాల విషయంలో లెక్క మరింత పెద్దది. 148 అధ్యయనాలను, అందులోని మూడు లక్షల పైచిలుకు మనుష్యుల వివరాలను 2010లో ఒకచోట చేర్చి చూస్తే, బలమైన సామాజిక బంధాలు కలవారు అధ్యయన కాలంలో బ్రతికి ఉండే అవకాశం తక్కినవారికంటె 50 శాతం హెచ్చుగా తేలింది. ఇక మనసులోని బాధను కాగితం మీద పెట్టడాన్ని జేమ్స్ పెన్నిబేకర్, శాండ్రా బీల్ 1986లో కళాశాల విద్యార్థులపై పరీక్షించారు. నాలుగు రోజులు, రోజుకు పావుగంట. వ్రాసిన వెంటనే వారికి దిగులు పెరిగింది. కాని తరువాతి నెలలలో వారు వైద్యుని వద్దకు వెళ్ళవలసిన అవసరం తగ్గింది.

దిగులు పెరగడమన్న ఆ మాట మరువరానిది. పిచ్చుకల ముచ్చట వ్రాసిన కొద్దిరోజులకే, మార్చి 23న, కలకత్తాలో భార్య జులేఖా బేగం ప్రమాదస్థితిలో ఉన్నదన్న కబురు ఆజాద్‌కు చేరింది. ఆయన ప్రభుత్వానికి ఏమైనా విన్నవించదలిస్తే వెంటనే అందజేస్తామని జైలు సూపరింటెండెంటు సూచించాడు. ఆజాద్ అంగీకరించలేదు. తాను ఎవరి అధికారాన్ని ధిక్కరించి జైలుకు వచ్చాడో వారినే దయ చూపమని అడగడం ఆయనకు సాధ్యం కాలేదు. ఆ నిర్ణయం సరియైనదేనా అని ప్రశ్నించేవారు ఉండవచ్చు. కలకత్తాలో కన్నులు కాయలు కాచేటట్లు ఎదురుచూచిన ఆమెను మాత్రం ఎవరూ అడుగలేదు.

తరువాతి రోజులను గూర్చి ఏప్రిల్ 11 నాటి ఉత్తరంలో ఆయన చెప్పినది చదివితే గుండె బరువెక్కుతుంది. దినచర్యలో వెంట్రుకవాసి మార్పు రానీయరాదని ఒట్టుపెట్టుకొన్నాడు. రోజూ పత్రిక తెచ్చే జైలరు అడుగుల చప్పుడు వినగానే గుండె దడదడ కొట్టుకొనేది. అదృష్టవశాత్తు ఆయన కుర్చీ వీపు ద్వారం వైపు ఉండేది. మనిషి లోపలికి వచ్చేదాకా ముఖం కనబడదు. జైలరు వచ్చేసరికి మామూలు చిరునవ్వుతో, పత్రిక బల్లమీద పెట్టమని సైగ చేసి, చదవాలన్న తొందర ఏమీ లేనట్లు వ్రాతలో మునిగిపోయేవాడు. ఇదంతా తన అహంకారం ఆడించిన నాటకమేనని ఆయనే ఒప్పుకొంటాడు. ఏప్రిల్ 9న ఆమె కన్నుమూసింది. కోట ఆవరణలో ఎవరిదో తెలియని ఒక పాత సమాధి ఉన్నది. అంతవరకు నూరుసార్లు చూచినదే. ఇప్పుడు దానిపై ఏదో కొత్త మమకారం పుట్టినట్లు తోచిందని, సాయంకాలం చాలసేపు దానినే చూస్తూ ఉండిపోయానని మిత్రునికి వ్రాశాడు. మూడు నెలలకు భోపాల్‌లో ఆయన సోదరి కూడా మరణించింది.

మనసు మాట విన్నది, శరీరం వినలేదు. అరెస్టయిన నాడు 170 పౌనులున్న ఆయన బరువు, 1945లో కోట విడిచి బంకురా జైలుకు మారేనాటికి 130 పౌనులు. తోట, పిచ్చుకలు, సహచరులు, చేరని ఉత్తరాలు, ఇవేవీ ఆ దుఃఖాన్ని తీసివేయలేకపోయాయి. అయితే జైలరు ముందు వేసుకొన్న ముసుగును ఆ ఉత్తరాలలో మాత్రం ఆయన తీసి పక్కన పెట్టగలిగాడు. 1946లో అవి 'ఘుబారె ఖాతిర్' అన్న పేరుతో పుస్తకమయ్యాయి. 'ఘుబార్' అంటే ధూళి. మనసులో పేరుకొన్న నొప్పి అన్న అర్థం కూడా ఆ మాటలోనే ఉన్నది. తెలుగులో రెండింటినీ ఒకే మాటలో ఇమడ్చడం కష్టం.

1945 జూన్ 15న విడుదలై ఆజాద్ కలకత్తా చేరాడు. రైలుస్టేషనులో ఇసుక వేస్తే రాలనంత జనం. హౌరా వంతెన దాటుతూ ఉండగా, మూడేళ్ళ క్రిందట తాను బొంబాయికి బయలుదేరిననాడు గుమ్మం దాకా వచ్చి 'ఖుదా హాఫిజ్' అని సాగనంపిన భార్య గుర్తుకు వచ్చింది. ఇంటికి పోకముందే కారును ఆమె సమాధి వద్దకు పోనిమ్మన్నాడు. కారు నిండా జనం వేసిన పూలదండలే. వాటిలోనుండి ఒకటి తీసి సమాధిపై ఉంచి, మౌనంగా ఫాతిహా చదువుకొన్నాడు.