పాత లాప్‌టాపునకు లినక్సు

చినిగిన చీరను బొంతగా కుట్టించు గృహిణి, పదియేండ్లనాటి లాప్‌టాపును మాత్రము మూలబెట్టుచున్నది. విండోస్ 10కు ఉచిత రక్షణసవరణల సాధారణ గడువు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. విండోస్ 11 పెక్కు పాతయంత్రముల నంగీకరింపదు. అంతమాత్రమున యంత్రము చెడినదని తలచి పాతసామానుల వానికి అమ్మివేయుట తగదు. పిల్లల చదువునకు వేఱొక లాప్‌టాపు కొనలేని యిండ్లకు ఈ సంగతి ముఖ్యము.

1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సునకు కావలసిన యుపకరణములు చేర్చి, పలువురు పలువిధములుగ కూర్చి యిచ్చుచున్నారు. బియ్య మొక్కటియే యైనను పులిహోర వేఱు, పరమాన్నము వేఱు గదా! ఈ కూర్పులనే డిస్ట్రిబ్యూషను లందురు. వీనిలో పెక్కింటికి వెల లేదు.

ఏది యెన్నుకొనవలెను? ముందు యంత్రపు ర్యామ్ ఎంతయో చూడుడు. నాలుగు జీబీలున్నచో లినక్సు మింటులోని ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పు మేలని మా యభిప్రాయము. దాని మెనూ విండోస్‌వలె అడుగున ఎడమవైపుననే యుండును గనుక క్రొత్తవారు తడబడరు. రెండు జీబీలే యున్నచో ఇంకను తేలికయైన లుబుంటును చూడవచ్చును; కాని బ్రౌజరులో ఒకేసారి పెక్కు పుటలు తెఱువరాదు. 32 బిట్ల యంత్రములకు ఈ రెంటి నేటి కూర్పులును పనికిరావు.

ఎన్నుకొన్న వెంటనే స్థాపింపబనిలేదు. ఎనిమిది జీబీల పెన్‌డ్రైవులో ఆ కూర్పును వ్రాయించి, దానినుండియే లాప్‌టాపును నడిపి చూడవచ్చును. అప్పుడు లోపలి డిస్కు ముట్టబడదు. వైఫై అందుచున్నదా, ధ్వని వినబడుచున్నదా, కెమెరా, ప్రింటరు పనిచేయుచున్నవా యని పరీక్షింపుడు. పెన్‌డ్రైవునుండి నడుచునప్పుడు కొంత మందముగా నుండుట సహజము.

స్థాపించుటకు పూర్వము మఱువరాని పని యొకటి కలదు. పెండ్లి ఫొటోలు, పిల్లల ధ్రువపత్రములు వేఱొక డిస్కులోనికెత్తి, అవి తెఱుచుకొనుచున్నవో లేదో చూచుకొనవలెను. డిస్కు నంతను చెఱుపు మార్గము నెన్నుకొన్నచో పాతవన్నియు పోవును.

లోపములును చెప్పవలెను. విండోస్ కొఱకే చేసిన కొన్ని లెక్కల ప్రోగ్రాములు ఇందు నడువవు. మైక్రోసాఫ్టు వర్డునకు బదులు లిబ్రే ఆఫీసు ఉచితముగ దొరకును; వర్డు పత్రములు దానిలో తెఱుచుకొనును గాని ఒక్కొక్కచో వరుసలు కొంచెము జరుగవచ్చును. బ్రౌజరులో జరుగు పాఠములు, ఉత్తరములు, తెలుగు వ్రాత మొదలగు పనులకు మాత్రము కొఱత లేదు. యంత్రమింకను మందముగ నున్నచో, తిరుగు హార్డుడిస్కునకు బదులు ఎస్‌ఎస్‌డీ వేయించుట ఉత్తమము. క్రొత్త లాప్‌టాపు వెలలో అది స్వల్పభాగమే.

సోదరీమణులారా! మూలబడియున్న లాప్‌టాపు నొకసారి తెఱచి చూడుడు. ఈ పరీక్షకు ఒక సాయంకాలము చాలును. ఇంటిలోని బాలిక చదువున కదియే యక్కరకు రావచ్చును.