ఎండ ఇంట్లోకీ వస్తుంది, వాన గల్లీలోకీ వస్తుంది

అక్కలారా! "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి" అంటారు మన పెద్దలు. రోహిణి కార్తె మే నెల చివర వస్తుంది. అప్పుడు హైదరాబాదులో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. 1966 జూన్ 2న ఇక్కడ 45.5 డిగ్రీల ఎండ కాసింది.

"నేను ఎండలోకి పోను. నాకు వడదెబ్బ ఎందుకు తగులుతుంది?" అని మీరు అనవచ్చు. పాతబస్తీలో లాడ్ బజారు గాజులకు పేరు. లక్క గాజులు చేయాలంటే లక్కను నిప్పుల మీద మెత్తబరచాలి. పైన కాగిన రేకులు. కింద బొగ్గుల వేడి. గది చిన్నది. గాలి ఆడదు. అలాంటి చోట గడప దాటకపోయినా వడదెబ్బ తగులుతుంది. వంటింట్లోనూ అంతే.

మన ఒళ్లు చెమట పోసి చల్లబడుతుంది. చెమటతో నీళ్లు, ఉప్పు పోతాయి. అవి మళ్లీ లోపలికి చేరాలి. మరుగుదొడ్డి దూరమని కొందరు ఆడవాళ్లు నీళ్లు తాగడమే తగ్గిస్తారు. అది ప్రాణం మీదికి తెస్తుంది. దాహం కాకపోయినా నీళ్లు తాగండి. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి మంచివి. లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాగవచ్చు. చిన్న చెంచాతో, తల కొట్టి కొలవండి.

తల తిరగడం, వాంతులు మొదటి గుర్తులు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే అది వడదెబ్బే. వెంటనే నీడకు చేర్చండి. బట్టలు వదులు చేయండి. ఒంటి మీద నీళ్లు చల్లి విసరండి. 108కి ఫోను చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

మరి ఇంత ఎండ తర్వాత అంత వాన ఎలా వస్తుంది? అన్నం గిన్నె మీది మూత చూడండి. ఆవిరి పైకి లేచి మూతకు తగిలి చుక్కలవుతుంది. ఆకాశంలోనూ ఇంతే. నేల కాగి వేడిగాలి పైకి లేస్తుంది. సముద్రం నుంచి వచ్చిన తేమ దానితో పైకి పోయి, చల్లబడి మబ్బు అవుతుంది. అందుకే పొద్దంతా ఎండ కాసి, సాయంత్రం ఉరుములతో వాన కొడుతుంది. గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ తేమను మోస్తుంది. జూన్‌లో రుతుపవనాలు వచ్చాక వానలు ఇంకా పెరుగుతాయి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు.

2020 అక్టోబరులో మళ్లీ కుండపోత వాన పడింది. బండ్లగూడలో గోడ కూలి ఇళ్ల మీద పడింది. పలువురు చనిపోయారు. గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్‌బాబానగర్ మునిగింది. చెరువు నీళ్లకు, నాలాకు దారి లేకపోతే అవి ఇళ్లలోకే వస్తాయి.

వాన ముదిరితే ఏం చేయాలి? నీళ్లు ఇంట్లోకి రాకముందే కరెంటు మెయిన్ ఆపండి. తడి చేత్తో ముట్టకండి. రేషన్ కార్డు, ఆధార్ కార్డు ప్లాస్టిక్ సంచిలో కట్టి పైన పెట్టండి. నానిన పాత గోడ పక్కన పడుకోకండి. పారే నీళ్లలో పిల్లల్ని నడవనివ్వకండి. కింద మ్యాన్‌హోల్ తెరిచి ఉండవచ్చు.

మీ గల్లీలో నాలా పూడిందా? వానలు రాకముందే చూడండి. పదిమంది కలిసి అర్జీ రాయండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు. కింద మీ సంతకం మీరే పెట్టండి.