ఇంటర్వెల్ తర్వాత హీరో

సినిమాలో హీరో రాజీనామా కాగితం మేనేజరు మొహాన కొట్టి బయటికొస్తాడు. హాలంతా ఈలలు! పాట అయ్యేసరికి సొంత ఫ్యాక్టరీ, కొత్త కారు. మరి నిజంగా నెల జీతం మానుకున్నవాడి సంగతేమిటంటారా? 46వ ఏట హైదరాబాదులో కంపెనీ ఉద్యోగానికి ఓ దణ్ణం పెట్టి ఖమ్మం వచ్చేసినవాణ్ణి కనక నాలుగు ముక్కలు చెబుతాను, వినండి.

1973లో వచ్చిన బాపు-రమణల ‘అందాల రాముడు’ లాంచీలో గోదావరి మీద భద్రాచలం వెళ్తుంది. మీ తరంవాళ్లు 2006 నాటి ‘గోదావరి’లో అదే దారి చూసి ఉంటారు. ఆ ప్రయాణం నాకో కల అంటించింది. ఉద్యోగం మానేశాక అడవి అంచున నాలుగెకరాలు, ఓ పాక, వచ్చేపోయేవాళ్లకి వేడివేడి భోజనం... అబ్బో!

ఓ సెలవులో వెళ్లి అటువైపు భూమి సంగతి అడిగితే ఓ కోయ పెద్దాయన నవ్వాడు.

“ఇది ఏజెన్సీ సారూ. నేను అమ్మరాదు, నువ్వు కొనరాదు.”

నిజమే. 1959 నాటి భూబదలాయింపు చట్టాన్ని 1970లో సవరించి గట్టి చేశారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొనకూడదు, కౌలుకీ తీసుకోకూడదు. అప్పులిచ్చి అడవిబిడ్డల నేల రాయించుకునే పైవాళ్లకి వేసిన సంకెల అది. “ఎవరో ఒకరి పేరున పెట్టేయండి, అందరూ చేసేదే” అని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ పెద్దాయన మొహం చూశాక మనసొప్పలేదు.

అందుకే అడవికి ఇవతల, ఖమ్మంలో, కారప్పొడి! తేజ రకం మిర్చికి ఈ మార్కెట్టు పెట్టింది పేరు కదా. ఉద్యోగంలో ఉండగానే రెండు సీజన్లు సెలవులు పెట్టి యార్డులో తిరిగాను. కాయ పిడికిట పట్టి తేమ చూడ్డం, తాలు ఏరించడం, తొడిమ తీయించడం నేర్చుకున్నాను. తడి కాయ బస్తాలో పడిందా, బూజు పట్టి రంగు పోతుంది. పదిమంది కొంటామన్నాకే రాజీనామా రాశాను.

మన తారల కథా ఇంతేనండీ. గొల్లపూడి మారుతీరావుగారు ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’తో నటుడిగా వెలిగింది 1982లో, 43 ఏళ్ల వయసులో. ఆకాశవాణి కొలువులో ఉంటూనే కథలూ నాటకాలూ రాశారు. 1964లోనే ‘డాక్టర్ చక్రవర్తి’కి పనిచేశారు. కోట శ్రీనివాసరావుగారు స్టేట్ బ్యాంకులో పనిచేస్తూనే నాటకాలాడారు. మనం దూకడమే చూశాం, రిహార్సల్సు చూడలేదు!

ఒకటో తారీఖున జీతం పడదు. మొదట్లో ఆ రోజు అన్నం సహించేది కాదు. ఏడాదికి సరిపడా ఇంటి ఖర్చూ, అమ్మాయి కాలేజీ ఫీజూ ముందే పక్కన పెట్టాం కాబట్టి గట్టెక్కాం.

ఇప్పుడూ భద్రాచలం వెళ్తే పెద్దాయనకి కారం పొట్లం పట్టుకెళ్తాను. ధర అడిగి, లెక్కగా డబ్బు చేతిలో పెట్టాకే పుచ్చుకుంటాడు.